ఇద్దరు చూస్తేనే కొంగ

ఇది ఒక మహా సంగ్రామ గాథ. ఇందులో మూడు పట్టణాలున్నాయి, ఒక కోట ఉంది, లోకం అంతవరకూ చూడని ఒక పక్షి ఉంది, పిడికెడు నేల కోసం ఒక స్త్రీ సర్కారుకు ఎదురు నిలబడిన ఘట్టం ఉంది. చదివి ముగించేసరికి మీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

గగుర్పొడవదు. మొదట్లోనే నిజం చెప్పేస్తే మంచిది. నలుగురు మనుషులు ఒక పాత జీపులో హిందూపురంలో బయల్దేరి, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి, దారిలో కనబడిన పిట్టల్ని, పిచ్చిమొక్కల్ని, పురుగుల్ని రాసుకున్న ఒక శనివారం గురించి ఇది. కోట ఉన్నమాట నిజమే. దాని మీద గొర్రెలు మేస్తున్నాయి.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళు రిటైరై ఉండాలని ఒక ఆనవాయితీ. నేనూ రిటైరయ్యాను. వయసు ఇరవై తొమ్మిది. ప్రాజెక్టు ముగిస్తే కాంట్రాక్టు మనిషి రిటైరైనట్టే కదా. శాలువా కప్పరు, గ్రూపులోంచి తీసేస్తారు, అంతే తేడా. కాబట్టి డిగ్రీ పట్టా చేతికి వచ్చి, ఫీల్డ్ అసిస్టెంట్ కావలెను అన్న ప్రకటన చూసి, అడవుల్లో జీపు మీద నిలబడి దూరానికి చూస్తున్నట్టు ఊహించుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక పెద్దమనిషి మాటగా ఇది వినండి.

మా పని పట్టణాల్లో మనుషులు కాకుండా ఇంకా ఎవరెవరు కాపురం ఉంటున్నారో రాయడం. పక్షులు మా సారువి. ఆయన ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి నిజంగానే రిటైరైన మనిషి. మెడలో దుర్భిణి, దాని పక్కన కళ్ళద్దాల తాడు, దాని పక్కన ఈల. మూడూ చిక్కుపడి ఒక్కోసారి ఆయన ఈలతో పిట్టను చూడబోయేవాడు. మొక్కలు మా మేడంవి. ఆమె ధర్మవరం ఆడపిల్ల, పట్టుకు రంగులేసే ఇంట్లో పుట్టి వృక్షశాస్త్రంలో పెద్ద చదువు చదివింది. పురుగులు నావి. నాకు పురుగులంటే ఆసక్తి అని కాదు, పంచేటప్పుడు నేను టీకి పోయి ఉన్నాను. నాలుగోవాడు డ్రైవరు, పరిగి వైపు మనిషి. అతనికి ఏ శాఖా ఇవ్వలేదు. అందుకే అన్నిట్లోనూ వేలు పెట్టేవాడు.

మా పనికి ఒకే ఒక్క నియమం. ఏదైనా సరే ఇద్దరు చూస్తేనే లెక్క. ఒక్కరు చూస్తే అది చూడనట్టే. ఈ నియమం పెట్టినవాళ్ళు ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని పెట్టి ఉంటారు, ఎందుకంటే పక్షులకు దీని గురించి ఎవరూ చెప్పలేదు. సారు "అదిగో తేనెపిట్ట" అనేవాడు. నేను తల తిప్పేలోపు అక్కడ ఊగుతున్న కొమ్మ ఉండేది. ఊగుతున్న కొమ్మ లెక్కలోకి రాదు. అప్పుడు డ్రైవరు ముందు సీట్లోంచి, తల కూడా ఎత్తకుండా, "నేను సూసినా సార్" అనేవాడు.

ఏం రంగు అని సారు అడిగేవాడు.

"పిట్ట రంగే సార్."

ఇప్పుడు ఆ శనివారం సంగతి. ధర్మవరంలో రంగుల ఇళ్ళుండే ఒక సందు చివర, మురికికాలవ ఒడ్డున ఒక బయలు ఉంది. ఊరివాళ్ళ దృష్టిలో అది ఏమీ లేని చోటు. మేడం చిన్నప్పుడు బడికి ఆ బయలు దాటే పోయేదట. కాలేజీలో ఆమె మొట్టమొదట ఎండబెట్టి అట్టకు అంటించిన మొక్కలన్నీ అక్కడివే. ఆ బయలును చదును చేసి, ఎర్రమట్టి తోలి, పచ్చగడ్డి పరిచి, సిమెంటు జింకలు రెండు నిలబెట్టి, ఊరిపేరు పెద్ద అక్షరాల్లో లైట్లతో పెట్టాలని పార్కుల పని చూసే ఆఫీసరు అనుకున్నాడు. చెడ్డవాడేం కాదు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాడు, ఊరికి ఏదైనా మంచి చేసి పోవాలని తొందర. మేడం రెండు నెలలు ఆయన గది చుట్టూ తిరిగితే చివరికి ఒక మాట ఇచ్చాడు. శనివారం సాయంత్రం వస్తాను, జనానికి చూపించదగ్గ ఒక్క వస్తువు ఆ బయల్లో చూపించండి, పార్కు ఇంకో చోటికి మారుస్తాను. లేదంటే సోమవారం పని మొదలు.

మేడం దగ్గర ఆ ఒక్క వస్తువు ఉంది. చలి మొదలయ్యే ఆ రోజుల్లో, పొద్దు వాలే వేళకు, ఆ బయల్లో ఎండిన పుల్లల మీదికి నీలం చారల సీతాకోకచిలుకలు వందలకొద్దీ వచ్చి వేలాడి నిద్రపోతాయి. అంతకు ముందు వారమంతా ఆమె రోజూ పోయి చూసి వచ్చింది. కాబట్టి మేము చేయాల్సిందల్లా హిందూపురం, పెనుకొండ తొందరగా ముగించి పొద్దు వాలకముందు ధర్మవరం చేరడం. వినడానికి ఎంత సులభంగా ఉందో చూడండి.

హిందూపురంలో తెల్లారగానే మార్కెట్ యార్డు దగ్గర దిగాము. అక్కడ పిచ్చుకలు ఎక్కువ. మిరపకాయలు ఇంకా ఎక్కువ. ఎండుమిరప బస్తాలు కొండల్లా పేర్చి ఉన్నాయి, గాలి మా వైపే వీస్తోంది. సారు దుర్భిణి ఎత్తాడు, గోడ మీద పిచ్చుకల వరుసను పట్టుకున్నాడు, లెక్క మొదలుపెట్టాడు, తుమ్మాడు. పిచ్చుకలు లేచిపోయాయి. అవి తిరిగి వచ్చి వాలేదాకా ఆగాము. ఈసారి మేడం తుమ్మింది. మూడోసారి నేను ముక్కు మూసుకుని నిలబడ్డాను కానీ డ్రైవరు జీపులోంచి తుమ్మిన తుమ్ముకు పిచ్చుకలు లేచిపోవడమే కాదు, ఒక హమాలీ కూడా బస్తా దింపేశాడు. ఆ యార్డులో పిచ్చుకలు ఉన్నాయని మాత్రమే రాశాము. ఎన్ని అన్నచోట సారు చాలాసేపు ఆలోచించి "పలు" అని రాయించాడు.

అక్కడినుంచి ఒక వీధిలోకి పోయాము. ఒక మేడ మీద పికిలిపిట్ట కూర్చుని ఉంది. సారు రోడ్డు మధ్య నిలబడి దుర్భిణి ఎత్తాడు, నేను పక్కన ఫారం నింపే ఫోను పట్టుకుని నిలబడ్డాను. వెంటనే ఆ ఇంటాయన లుంగీ సర్దుకుంటూ బయటికి వచ్చి మా ముగ్గురికీ కాఫీ తెప్పించాడు. ఇంత మర్యాద ఎందుకో నాకు అర్థం కాలేదు. గ్లాసులు మా చేతికి వచ్చాక ఆయన సారు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"సార్, మా మెట్లు రోడ్డు మీదికి రాలేదు సార్. రోడ్డే మా మెట్ల మీదికి వచ్చినాది."

మేము రోడ్డు వెడల్పు చేసేవాళ్ళం కాదని, పిట్టల్ని రాసుకునేవాళ్ళమని సారు చెప్పాడు. ఆయన మేడ మీది పికిలిపిట్టను చూశాడు, మమ్మల్ని చూశాడు, మా చేతుల్లో కాఫీని చూశాడు. "దీనికి దుడ్లు కూడా ఇస్తారా మీకు?" అని అడిగి, ఇస్తారని తెలిసి చాలా బాధపడ్డాడు. అయినా కొంచెంసేపటికి తేరుకుని, రెండో సాక్షి కావాలంటే తానున్నానన్నాడు. పదేళ్ళుగా ఆ పిట్ట పొద్దున్నే తన నిద్ర చెడగొడుతోందట. ఫారంలో ఆ ఒక్క పిట్టకే ఎదురింటి సాక్షి కూడా ఉన్నాడు, ఎందుకంటే ఎదురింటాయన కూడా వచ్చి తన మెట్ల సంగతి చెప్పుకున్నాడు.

అలా ఆ వీధిలో ఇంటింటి మెట్లూ చూసి బయటపడేసరికి ఎండ ముదిరింది. మేడం వాచీ చూడడం మొదలుపెట్టింది. ఆమె మనసులో ధర్మవరం సాయంత్రం ఒకటే ఉంది. మొక్క దొరికితే వంగి చూస్తుంది, పేరు చెప్తుంది, వెంటనే లేచి "పోదామా సార్" అంటుంది. సారు తొందరపడే మనిషి కాదు. పాలపిట్ట తీగ మీద కూర్చుంటే అది లేచేదాకా కదలడు, అది లేస్తే ఎందుకు లేచిందో ఆలోచిస్తూ కదలడు.

పెనుకొండలో కోటగోడ కింద దిగాము. ఇక్కడ నా పురుగులు బాగా దొరికాయి. ఒక గొల్లభామ పురుగు నా చొక్కా మీదే వాలి అరగంట కూర్చుంది, దానికి నేను, డ్రైవరు ఇద్దరమూ సాక్షులం. నా ఉద్యోగ జీవితంలో వివాదం లేని రికార్డు అదొక్కటే.

మేడం గోడ పైకి ఎక్కి పోయింది. కాసేపటికి పైనుంచి పిలుపు వినబడింది. రాళ్ళ సందులో చిటికెన వేలంత లేని ఊదారంగు పువ్వు, ఈ చుట్టుపక్కల తాను ఇంతవరకూ చూడనిది, వెంటనే రండి, రెండో మనిషి కావాలి. సారు మోకాళ్ళు చూసుకున్నాడు. డ్రైవరు స్టీరింగు చూసుకున్నాడు. నేను ఎక్కాను. కోటను ముట్టడించిన సైన్యాలు ఎంత కష్టపడ్డాయో నాకు ఆ రోజు తెలిసింది; నా కష్టం ఎక్కువ, వాళ్ళ దగ్గర గుర్రాలుండేవి.

నేను పైకి చేరేసరికి మేడం ఒక గొర్రెను చూస్తూ నిలబడి ఉంది. గొర్రె ఏదో నములుతోంది. ఫోటో తీద్దామని ఆమె ఫోను తీసేంతలో వెనకనుంచి మంద వచ్చిందట. గొర్రెల కాపరి కూడా అక్కడే ఉన్నాడు, భుజం మీద కంబళి, చేతిలో కర్ర. మా ముఖాలు చూసి ఏం పోయిందని అడిగాడు. పువ్వు అని చెప్పాము.

"మా గొర్రె తినిందంటే మంచి పువ్వేలే మేడం," అన్నాడు ఓదార్పుగా. "ఈ గోడ మీద పువ్వే గదా. యాడబోయినా మొలుస్తాది, ఈ తావులోనే మొలవాలని ఏముండాది."

ఇంకెక్కడ మొలుస్తుందో చూపించమని మేడం అడిగింది. అతను కొండకు అవతలి వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చాపిన దూరం చూసి నేను ఒక రాయి మీద కూర్చున్నాను. మేడం ఒక్క క్షణం అటు చూసింది. తర్వాత వాచీ చూసింది. తనకు కొత్తదైన పువ్వును అలా కొండకే వదిలేసి ఆమె కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆ ధర్మవరం బయలు ఆమెకు ఎంత ముఖ్యమో నాకు అప్పుడు అర్థమైంది. ఆ పువ్వు రికార్డుల్లోకి ఎక్కలేదు. ఒక సాక్షి మేడం, రెండో సాక్షి కడుపులో వేసుకుని పోయింది.

ధర్మవరం చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. ఆఫీసరు మాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. ప్రభుత్వంలో ఇలాంటివి జరుగుతాయని చెప్తే నేనూ నమ్మేవాణ్ణి కాదు. వెంట ఫోటోలు తీసేందుకు ఒక మనిషిని కూడా తెచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. ఆ బూట్లతో బయల్లోకి దిగడం ఆయనకు ఇష్టం లేదని దూరం నుంచే తెలుస్తోంది.

మేడం ఆయన్ను గట్టు మీద నిలబెట్టి ఎండు పుల్లల వైపు చూపించింది. ఇప్పుడు వస్తాయి సార్, అంది. మేమందరం పుల్లల వైపు చూస్తూ నిలబడ్డాము. ఐదుగురు చదువుకున్న మనుషులు, ఒక డ్రైవరు ఎండు పుల్లల్ని అంత భక్తిగా చూడడం ఆ సందువాళ్ళు అంతకు ముందు ఎరగరు. పిల్లలు, ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరో చనిపోయారేమో అని ఒకామె అడిగింది.

సీతాకోకచిలుకలు మూడు వచ్చాయి. అందులో ఒకటి మనసు మార్చుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం గాలి మళ్ళిందట. గాలి మళ్ళితే అవి ఇంకో ఒడ్డుకు పోతాయట. మేడం ఈ సంగతి ఆఫీసరుకు చెప్తుంటే ఆమె గొంతు మామూలుగానే ఉంది కానీ చేతిలోని చున్నీ కొస పురితిరిగిపోయింది. ఆఫీసరు మర్యాదస్తుడు. "పర్లేదండి, ప్రయత్నం చేశారు కదండి," అన్నాడు. అనేసి బూట్ల వైపు చూసుకుని వెనక్కి తిరిగాడు.

సరిగ్గా అప్పుడు సారు నా భుజం పట్టుకున్నాడు. రెండో చేత్తో కాలవ ఒడ్డు వైపు వేలు చూపిస్తున్నాడు.

అక్కడ కొంగ ఉంది. తెల్లకొంగే. కానీ తెల్లగా లేదు. మెడ కింద నుంచి పొట్ట దాకా, కాళ్ళ పైదాకా రాణి రంగు. అదీ ఏదో లేత ఛాయ కాదు, పెళ్ళికూతురు పీటల మీద కట్టుకునే పట్టుచీర రంగు. వాలుతున్న ఎండ దాని మీద పడి వెలుగుతోంది. కొంగ తన గొప్పతనం తనకు తెలియనట్టు బురదలో ఒక పురుగును ఏరుకుంటోంది. ఆ పురుగు నా శాఖ, అయినా నేను అభ్యంతరం చెప్పలేదు.

"నలభై ఏళ్ళుగా చూస్తున్నాను," అన్నాడు సారు. "ఏ పుస్తకంలోనూ లేదు."

నేను చూశాను. ఆఫీసరు చూశాడు. ఫోటోల మనిషి చూశాడు. సాక్షులకు కరువు లేని రికార్డు అది. డ్రైవరు ఒక్కడే అటు చూడకుండా జీపు టైరు తన్ని చూసుకుంటూ, పొద్దున హిందూపురంలోనే తాను ఇట్లాంటిది చూశానని చెప్పాడు.

ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. ఆయన బూట్లు మరిచిపోయి గట్టు దిగాడు. ఇదేనండి నాక్కావాల్సింది, ఇదే, అంటూ ఫోటోలు తీయించాడు. నిలబడ్డ చోటే ఫ్లెక్సీ బొమ్మ చెప్పేశాడు: ఎడమవైపు కొంగ, కుడివైపు తాను, మధ్యలో ఊరిపేరు. పార్కు వద్దు, గడ్డి వద్దు, ఈ స్థలం దగ్గర చెయ్యి కూడా పెట్టం, కావాలంటే చుట్టూ కంచె వేయిస్తాను, అన్నాడు. సారు అప్పటికే ఆ పక్షికి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తున్నాడు. పేరులో ఊరి పేరు రావాలన్నాడు, తన పేరు రాకూడదన్నాడు, తన పేరు రాకూడదని మూడుసార్లు అన్నాడు.

నేను మేడం వైపు చూశాను. ఆమె బయలు ఆమెకు దక్కింది. సంతోషంగా ఉండాలి కదా. ఆమె కొంగను చూడడం లేదు. కాలవ నీళ్ళను చూస్తోంది.

ఇక్కడ ఆమె ఊరుకుని ఉంటే కథ ముగిసేది. నేనైతే ఊరుకునేవాణ్ణి. ఊరుకోవడమే కాదు, జీపు తొందరగా తీయించేవాణ్ణి. ఆమె కాసేపు అలాగే నిలబడి, సారు దగ్గరికి వచ్చింది. ఆఫీసరు దగ్గరికి కాదు, ముందు సారు దగ్గరికి.

"సార్, ఆ రంగు మా నాయనది."

సారుకు అర్థం కాలేదు. మాకెవరికీ అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. సందులో పట్టుకు రంగులేసే ఇళ్ళున్నాయి, కాలవకు అందరికంటే దగ్గరగా ఉన్నది వాళ్ళ ఇల్లే. పట్టును ఉడికించి, పిండి, కడిగిన నీళ్ళు కాలవలోకి పోతాయి. ఈ నెల పెళ్ళిళ్ళకు అందరూ రాణి రంగే అడుగుతున్నారు. కొంగలు ఆ నీళ్ళలో దిగి నిలబడతాయి. వానలో తడిస్తే కొంచెం పోతుంది. పోయిన నెల చిలకాకుపచ్చ.

కొంగ పురుగును మింగింది.

మొదట తేరుకున్నది ఆఫీసరు. ఆయన మేడం దగ్గరికి వచ్చి, చిన్న గొంతుతో, "ఎవరికి తెలుస్తుందండి?" అన్నాడు.

"ఊరందరికీ తెలుస్తాది సార్. ఈడ కాలవ చూసి ఈ నెల ఏ చీర పోతాందో చెప్పేస్తారు." ఆమె ఆగి, ఇంకో మాట చేర్చింది. "తెలీకపోయినా, నేను చెప్పకుండా ఉండలేను. ఇంత కాలం ఇద్దరు చూస్తేగాని రాయలేదు మేము. ఇప్పుడు ఇంతమంది చూసినా అది అబద్ధమే కదా."

అంతవరకూ ఆమె ఉద్యోగం మాటలే మాట్లాడేది. ఇంటి మాట వచ్చేసరికి ఆమె నోట్లో ధర్మవరం వచ్చేసింది.

ఈ లోపల ఇంత గుంపు ఎందుకు చేరిందో చూద్దామని ఆమె నాయన వచ్చాడు. మోచేతుల దాకా రాణి రంగు. మేమందరం ఆ చేతులను చూశాము, కొంగను చూశాము. రెండో సాక్షి అవసరం లేకుండా పోయింది. ఆయన మమ్మల్ని ఏమీ అడగలేదు, కూతుర్ని మాత్రం అడిగాడు, "ఏమ్మా, వీళ్ళకు టీ పెట్టేదా?" అని.

ఆఫీసరు ఆయన చేతులను చాలాసేపు చూశాడు. ఆయనలో ఇంకా ఆశ చావలేదు.

"పెద్దాయనా, వచ్చే నెల ఏ రంగండీ?"

"నెమలికంఠం సార్. ఆర్డరు వచ్చేసినాది."

ఆఫీసరు కళ్ళల్లో నెమలికంఠం రంగు కొంగ ఒక్క క్షణం ఎగిరింది. నెలకో రంగు, నెలకో ఫ్లెక్సీ. తర్వాత ఆయనే తల విదిలించుకున్నాడు. నిజాయితీపరుడే పాపం.

నాకు సారును చూడాలంటే భయం వేసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. పావుగంట క్రితం లోకానికి కొత్త పక్షిని ఇచ్చిన మనిషి. ఆయన ఏదైనా గొప్ప మాట అంటాడని ఎదురు చూశాను, ఇక్కడ రాసుకోవచ్చని. ఆయన నా ఫోనులో ఫారం తెరిపించి, తెల్లకొంగ, ఒకటి, అని రాయించాడు. రిమార్కుల దగ్గర "అద్దకం" అని రాయించాడు. సాక్షి ఎవరని నేను అడిగితే ఆఫీసరు వైపు చూపించాడు. ఆయన పేరు ఎక్కించేటప్పుడు ఆఫీసరు స్వయంగా అక్షరాలు సరిచూశాడు. దుర్భిణి తాడు, అద్దాల తాడు మళ్ళీ చిక్కుపడ్డాయి. మేడం వచ్చి ఆ చిక్కు తీసిపెట్టింది.

టీ తాగుతుండగా ఆఫీసరు మొహమాటంగా, ఇంకేమైనా ఉందా అమ్మా చూపించడానికి, అన్నాడు. మేడం గ్లాసు గోడ మీద పెట్టి ఆయన్ను బయల్లోకి తీసుకుపోయింది. తెల్ల బూట్లు అప్పటికే పాడైపోయాయి కాబట్టి ఆయన అభ్యంతరం పెట్టలేదు. ఆమె వంగి ఒక్కొక్కటీ చూపించింది. తుమ్మిపువ్వు, దాని మీద తేనెటీగ. విష్ణుక్రాంత నీలం. పల్లేరు పసుపు. ఉత్తరేణి ఆకు కింద గుడ్లు పెట్టుకున్న ఒక పురుగు. అది నా శాఖ అని నన్ను పిలిచింది, పేరు చెప్పమంది, నేను "పురుగు" అన్నాను. చివరికి గడ్డిచేమంతి దగ్గర ఆగింది. ఆఫీసరు వంగి దాన్ని చూశాడు.

"ఇది మా ఇంటి ముందు కూడా ఉందండి."

"ఉంటాది సార్," అంది మేడం. "దాన్నీ పీకద్దండి."

ఆయన చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగిన ఎవరికైనా తెలుసు. జీపులో తిరిగి వస్తున్నప్పుడు డ్రైవరు, నిజం చెప్పకుండా ఉంటే పోయేది కదక్కా, అన్నాడు. అంతవరకూ ఆమెను మేడం అనే పిలిచేవాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, ఔను, అంది.

సోమవారం ఆ బయల్లో పని మొదలుకాలేదు. మంగళవారమూ మొదలుకాలేదు. పార్కు ఊరికి ఇంకో వైపు వచ్చింది. జింకలు, లైట్ల అక్షరాలు అక్కడే ఉన్నాయి, సాయంత్రాలు జనం ఫోటోలు తీసుకుంటున్నారు. మేడం బయలు ఎట్లా ఉన్నది అట్లానే ఉంది. సీతాకోకచిలుకలు కూడా వస్తున్నాయట, ఎవరూ చూడనప్పుడు.

మేడం నిజాయితీకి ఆఫీసరు మనసు కరిగిందని సారు ఇప్పటికీ నమ్ముతాడు. ఎక్కడైనా మాట్లాడమంటే ఈ కథే చెప్తాడు, చెప్పేటప్పుడు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. నేనూ కొన్నాళ్ళు నమ్మాను. చిన్నవాళ్ళకు చెప్పేందుకు చాలా బాగుంటుంది కూడా. తర్వాత ఒకసారి చీర పని మీద ధర్మవరం పోయినప్పుడు మేడం నాయనను అడిగాను.

"ఆయప్ప యాడ కరిగినాడబ్బా," అన్నాడు ఆయన, నెమలికంఠం రంగు చేతులు తుడుచుకుంటూ. "సోమారం పొద్దున్నే మట్టి తోలుకోని వచ్చినారు."

మట్టి తెచ్చిన టిప్పరు వెడల్పు ఎనిమిదడుగుల పైన. ఆ సందు మలుపు దగ్గర ఎనిమిదడుగులు.